పసిబిడ్డ ఏడ్చు రాత్రి మేల్కొనవలసినదెవరు?

ధ్యాన భాగము: 1 రాజులు 3:16-28



సొలొమోను తీర్పును గూర్చి మన సండే స్కూలు పిల్లలు సయితము చెప్పగలరు. రాజు ఖడ్గము తెప్పించుట, కన్నతల్లి కడుపు తరుగుకొనిపోయి బిడ్డను వదులుకొనుటకైనను ఒప్పుకొనుట, రాజు జ్ఞానమును చూచి జనులు భయపడుట, ఇవన్నియు మనకు బాగుగా తెలిసిన సంగతులే. అయితే ఆ తీర్పునకు ముందు ఒక రాత్రి ఉన్నది. ఆ రాత్రిని గూర్చి మన ప్రసంగములలో వినుట అరుదు. ఇద్దరు స్త్రీలు ఒక్క యింట నుండిరి. ఒకతె ప్రసవించిన మూడవ దినమున రెండవ ఆమెయు ప్రసవించెను. ఒక రాత్రి నిద్రలో తల్లి తన బిడ్డమీద పడుటచేత వాడు చనిపోయెను. 18వ వచనమున చిన్న సంగతి యొకటి చెప్పబడినది: ఆ యింటిలో వారిద్దరు తప్ప మూడవ మనిషి లేడు.

రాజు ఎదుట ఆ స్త్రీ ఆ మాట చెప్పినది, సాక్షులు లేరని తెలుపుటకే. కాని బాలింతలున్న యిండ్లకు వెళ్లి ప్రార్థన చేయు మాకు ఆ మాట మరియొక రీతిగా కూడ వినబడుచున్నది. పాలిచ్చు తల్లులు ఇద్దరు, నెత్తురు గుడ్డులవంటి బిడ్డలు ఇద్దరు. లేచి ఒక గడియ బిడ్డను అందుకొనువారు మాత్రము ఎవరును లేరు. ఆమె అలసి సొలసి నిద్రపోయెనని వాక్యము చెప్పలేదు గనుక మేమును దానికి కలిపి చెప్పము. అయినను క్రొత్తగా ప్రసవించిన స్త్రీకి రాత్రులు ఎట్లుండునో తల్లులైనవారికి చెప్పనక్కరలేదు.

పసిబిడ్డను రాత్రియంతయు నిద్రపుచ్చుట యెట్లు అని తల్లులు స్త్రీల సమాజపు కూడికలలో ఒకరినొకరు అడుగుకొందురు. ఇది వైద్యుని అడుగవలసిన ప్రశ్నగా కనబడును. కొంతవరకు అట్టిదే. అయితే దాని క్రింద వేరొక ప్రశ్న యున్నది. బిడ్డ నిద్రపోవలెనని మనము కోరునది ఎవరి మేలు కొరకు? బిడ్డ మేలు కొరకా, లేక మన నిద్ర కొరకా? ఈ రెండును ఒకటి కాని రాత్రి, ఎవరు తమది విడిచిపెట్టుకొనవలెను? ఈ నెల మనము ఆలోచింపవలసినది ఇదే.

మొదట బిడ్డను గూర్చి. గుక్కపట్టి యేడ్చు నెలబిడ్డను చూచి "ఇప్పుడే యింత మొండితనమా!" అని నవ్వుచు అనుదురు. కొందరు నవ్వరు, ఆదాము సంతానము గనుక పాపస్వభావము అప్పుడే బయటపడుచున్నదని గంభీరముగా చెప్పుదురు. ఈ తలంపు క్రొత్తది కాదు. హిప్పో పట్టణపు బిషప్పైన అగస్టీను, క్రీ.శ. 400 ప్రాంతమున ముగించిన తన 'కన్ఫెషన్స్' అను గ్రంథపు మొదటి భాగములో, శైశవమందు తాను చేసిన పాపమేమైయుండును, పాలకొరకు ఏడ్చుటయేనా అని తన్ను తాను ప్రశ్నించుకొనెను. ఎదిగినవాడు ఆహారము కొరకు అట్లు ఏడ్చిన యెడల అందరును నవ్వి గద్దించుదురు గదా అని ఆయన తర్కము. తనతోకూడ పాలు త్రాగుచున్న మరియొక శిశువును చూచి అసూయతో పాలిపోయిన పసివాని సంగతియు ఆయన వ్రాసెను. అంతటి దైవజ్ఞుని ఎదుట మేము అల్పులమే. అయినను ఈ ఒక్క చోట ఆయన తర్కము నిలువదని చెప్పక తప్పదు. ఎదిగినవానికి మాటలున్నవి, చేతులున్నవి, కుండలో అన్నమున్న చోటు తెలియును. అట్టివాడు ఏడ్చి గోలచేయుట తప్పు కావచ్చును. పసిబిడ్డకు ఏడ్పు తప్ప వేరొక మాట లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదని మనమే సామెత చెప్పుకొందుము. తనకున్న ఒక్క భాషలో అడిగిన బిడ్డను మొండివాడని అందుమా?

ఇంకను, దేవుడు ఆ చిన్న శరీరమును ఎట్లు నిర్మించెనో చూడుడి. పుట్టిన బిడ్డ దినమునకు 14 మొదలు 17 గంటలు నిద్రించును. అంత నిద్ర పెద్దలలో ఎవరికిని లేదు. కాని ఆ నిద్ర ముక్కలు ముక్కలుగా వచ్చును. రెండు మూడు గంటలకొకసారి తెగును. ఇది పగలు, ఇది రాత్రి అని తెలుపు ఏర్పాటు మన శరీరములలో నున్నది గాని, క్రొత్తగా పుట్టిన బిడ్డలో అది ఇంకను కుదురుకొనలేదు. అందుకు రెండు మూడు నెలలు పట్టును. పొట్ట మిక్కిలి చిన్నది. తల్లిపాలు త్వరగా అరుగును. గనుక బిడ్డ దినమునకు 8 మొదలు 12 సార్లు పాలు త్రాగవలసియున్నది. అందులో కొన్ని రాత్రివేళ పడక తప్పదు. పాలను పుట్టించు ప్రొలాక్టిన్ అను రసము తల్లి శరీరములో రాత్రివేళ హెచ్చుగా ఊరునని వైద్యులు కనుగొనిరి. కాబట్టి రాత్రి చప్పరించు బిడ్డ మరునాటి పాలకు కూడ తానే దారి చేసికొనుచున్నది. ఏడ్పు సంగతియు అంతే. రెండవ వారము మొదలుకొని అది పెరిగి, ఆరవ వారమున మిక్కుటమై, మూడు నాలుగు నెలలకు తగ్గును. ఇది అన్ని దేశముల బిడ్డలలోను సాధారణముగా కనబడునదే. తల్లి పాలలో సత్తువ లేదనియు, ఎవరిదో దిష్టి తగిలినదనియు, బాలింత పథ్యము తప్పినదనియు చెప్పుకొను మాటలన్నిటికిని ఈ ఆరవ వారమే చాలవరకు జవాబు.

మరియొక సంగతి. మొదటి వారములలో ఏడ్వక, పాలకు లేవక, రాత్రియంతయు పండుకొను బిడ్డను చూచి "ఎంత బుద్ధిమంతుడో" అని మురిసిపోవుదురు. అది మంచి గురుతు కాకపోవచ్చును. సరిగా చప్పరింపని, లేపినను లేవని, ఒళ్లు వేడెక్కిన లేక చల్లబడిన నెలలోపు బిడ్డను తెల్లవారువరకు ఆగక ఆస్పత్రికి తీసికొనిపోవలెను. మీ గ్రామపు ఆశా కార్యకర్త ఆస్పత్రి కాన్పైన యింటికి 3, 7, 14, 21, 28, 42వ దినములలో వచ్చి చూడవలసియున్నది. ఆమె వచ్చినప్పుడు రాత్రి సంగతులను దాచక చెప్పుడి.

నిర్గమకాండము 2వ అధ్యాయములో ఫరో కుమార్తె పెట్టె తెరచినప్పుడు మోషే ఏడ్చుచుండెను. ఆ యేడ్పు విని ఆమె కనికరించెను. మూడు నెలల బిడ్డ ఆ గడియను ఊరక నిద్రపోయియుండిన యెడల ఏమగునో మనకు తెలియదు. అక్కడ కూడ మేము గమనించునది ఇంకొకటి యున్నది: తల్లి ఇంటికడ నుండెను గాని బిడ్డ అక్క కొంచెము దూరమున నిలిచి కనిపెట్టుచుండెను. ఆ కథలో మూడవ మనిషి ఉన్నది.

ఇప్పుడు, ఏడ్పును ఆపుటకు మనుష్యులు ఏమేమి చేసిరో వినుడి. ఇంగ్లాండు దేశములో 18, 19 శతాబ్దములందు గాడ్‌ఫ్రీ కార్డియల్ అను తియ్యని పానకము అంగళ్లలో అమ్మబడుచుండెను. దానిలో నల్లమందు కలదు. మిల్లులలోను పొలములలోను పనిచేయు తల్లులు దానిని బిడ్డలకు పోసిరి. బిడ్డలు నిశ్శబ్దముగా పండుకొనిరి. మోతాదు ఎక్కువై కొందరు చనిపోయిరి. మరికొందరు మత్తులో ఆకలి తెలియక, పాలు అడుగక, ఎండిపోయి చనిపోయిరి. అమెరికాలో 1849 నుండి మిసెస్ విన్‌స్లో సూదింగ్ సిరప్ అను మందు, పండ్లు వచ్చు బిడ్డలకు శాంతి నిచ్చునని ప్రకటించి అమ్మిరి. దానిలో నుండినది మార్ఫిన్. 1911లో ఆ దేశపు వైద్యసంఘము దానిని శిశుహంతకులైన మందులలో చేర్చి ప్రకటించెను. బొంబాయి నూలు మిల్లుల తల్లులు పనికి పోవుచు నల్లమందు మాత్రలను బిడ్డలకు వేసిన సంగతి గడచిన శతాబ్దపు తొలి భాగమున అందరికిని తెలిసినదే. ఆ తల్లులు క్రూరులు కారు. మేము వారిని తీర్పు తీర్చుటకు సాహసింపము. వారు పని మానిన యెడల ఆ పూట కూడు లేదు, బిడ్డను చూచువారు లేరు. ఆ మాత్రను బిడ్డ నోట వేసినది తల్లి చేయి. ఆ చేతికి దానిని అందించినది, మూడవ మనిషి లేని యిల్లు, విరామము లేని మిల్లు.

ఇవి దూరపు మాటలని తలంపవద్దు. మన గ్రామములలో నేడు నల్లమందు మాట వినబడకపోవచ్చును గాని, జలుబు మందు ఒక మూత పోసిన యెడల బిడ్డ చక్కగా పండుకొనునని చెప్పువారున్నారు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ అను రెండును కలిసిన జలుబు మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని సీసామీద ముద్రింపవలెనని మన దేశపు ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఉత్తరువు చేసెను. రెండు చుక్కల బ్రాందీ కూడ అట్టిదే. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. అందులో నుండగల ఒక సూక్ష్మజీవి ఆ వయస్సు బిడ్డ ప్రేగులలో విషము పుట్టింపవచ్చును. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు చాలును. మంచినీళ్లు, వాము నీళ్లు, అరగదీసిన వసకొమ్ము అక్కరలేదు. వైద్యుడు వ్రాసి యిచ్చిన మందు వేరే సంగతి. మన పెద్దమ్మలు ఇందుకు కోపగింపవద్దు. వారి చేతి ఉగ్గుగిన్నెకంటె వారి భుజము బిడ్డకు ఎక్కువ మేలు.

ఇంక గడియారపు వారు. న్యూజీలాండు వైద్యుడైన ట్రూబీ కింగ్ 1907లో ఒక సంఘము స్థాపించి, శిశువుల మరణములను తగ్గింపవలెనని మిక్కిలి ప్రయాసపడెను. నాలుగు గంటలకొకసారి మాత్రమే పాలియ్యవలెననియు, రాత్రి ఇయ్యరాదనియు ఆయన బోధ. ఆ దినములలో ఆ బోధ ఆంగ్లేయుల దేశములలో బహుగా వ్యాపించెను. నేటి వైద్యులు దానిని విడిచి, క్రొత్తగా పుట్టిన బిడ్డకు అడిగినప్పుడెల్ల పాలిమ్మని చెప్పుచున్నారు. జాన్ వెస్లీ తల్లియైన సూసన్నా, 19 మంది బిడ్డలను కని వారిలో అనేకులను శైశవమందే పాతిపెట్టిన తల్లి, 1732లో కుమారునికి వ్రాసిన ఉత్తరములో, ఏడాది నిండిన పిల్లలకు, కొందరికి అంతకు ముందే, బెత్తమునకు భయపడి మెల్లగా ఏడ్చుట నేర్పితినని చెప్పెను. ఆమె భక్తిని మేము గౌరవింతుము. ఆ బెత్తమును మాత్రము అంగీకరింపజాలము. అంతటి కఠిన శిక్షకురాలు కూడ నెలబిడ్డకు ఆ పాఠము చెప్పితినని వ్రాయలేదని మాత్రము గమనింపుడి.

అయితే చేయదగిన పనులు లేవా? ఉన్నవి, అవి చిన్నవి. పగటివేళ బిడ్డను వెలుతురులో నుంచుడి, యింటి సందడికి దూరము చేయకుడి. రాత్రి దీపము తగ్గించి, మాటలు తగ్గించి, ఫోను వెలుగు ఆర్పి పాలిచ్చి, భుజముమీద వేసికొని త్రేనుపు తెప్పించి, ఆడింపక పండబెట్టుడి. రాత్రి ఆటల వేళ కాదని బిడ్డ కొన్ని వారములలో తెలిసికొనును. ఆరు నెలలు దాటిన బిడ్డ కొంచెము గునిసినంత మాత్రమున పరుగెత్తక, కొద్దిసేపు ఆగి చూచు తల్లిని మేము తప్పుపట్టము.

నిద్రించు చోటును గూర్చి మాత్రము గట్టిగా చెప్పవలెను. మనము చదివిన వాక్యభాగము అందుకు మనలను నిర్బంధించుచున్నది. బిడ్డను వెల్లకిలనే పండబెట్టవలెను. బోర్లగా పండబెట్టుట వలన ఆకస్మిక మరణములు ఎక్కువగుచున్నవని తెలిసి, 1990ల నుండి అనేక దేశములలో ఈ సంగతి తల్లులకు బోధించుచున్నారు; ఆ మరణములు చాల తగ్గినవి. పరుపు గట్టిగా నుండవలెను. నడుమ గుంటపడిన నులక మంచముకంటె నేలమీద పరచిన చాప మేలు. బిడ్డ ముఖము దగ్గర తలగడ, దుప్పటి, పాతచీరల మూట ఉంచవద్దు. తల్లి గదిలోనే, ఆమె చేతికందు దూరములో, బిడ్డకు ప్రత్యేకమైన పడక యుండుట మంచిది. సారా త్రాగి వచ్చినవాడు పసిబిడ్డ ప్రక్కను పండుకొనరాదు. అతడు తండ్రియైనను సరే, ఆ రాత్రి అతని చాప వేరుగా, వసారాలో వేయవలెను. ఈ మాట చెప్పుటకు కోడలికి నోరు రాదు. అత్తగారు చెప్పవలెను, ఆమెయు చెప్పలేని యెడల సంఘపు పెద్దలు చెప్పవలెను.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. బిడ్డ లేచుట తప్పదు. లేచిన బిడ్డ కొరకు ఎవరు లేవవలెను?

"ఏమే, పిల్లోణ్ణి ఊరుకోబెట్టలేవా? వాడు పొద్దున్నే పనికి పోవాలి గదా!"

"నేనేం చేసేది అత్తయ్యా, పాలు తాగినా ఊరుకోవడం లేదు."

ఈ మాటలు వినబడని యిల్లు అరుదు. అత్తగారి మాటలో న్యాయము లేదనుట సరికాదు. తండ్రి కూలివాడు. తెల్లవారకముందే ధాన్యపు బస్తాలు మోయుటకో, మిరపతోటకు నీరు కట్టుటకో పోవలెను. నిద్రలేని కన్నులతో ట్రాక్టరు నడిపినవాడు ప్రాణము మీదికి తెచ్చుకొనవచ్చును. అతని కూలియే ఆ యింటి గంజి. కనుక రాత్రి అతనిని లేపుట ధర్మమా అను ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. కాని దీనిని కూడ ఆలోచింపుడి: తల్లి పగలు పండుకొనుచున్నదా? ప్రసవించిన రెండు నెలలకే అనేకులు పత్తి తీయుటకు పోవుచున్నారు. అంతవరకు యింటి నీళ్లు, వంట, పశువుల పని ఎవరివి? అతనికి రాత్రియైనను ఉన్నది. ఆమెకు పగలును లేదు, రాత్రియు లేదు. ఇద్దరి అలసటలను త్రాసులో వేసినప్పుడు ఒక తట్ట ఎప్పుడును ఒక వైపుననే దిగుచున్న యెడల, ఆ త్రాసును పట్టినవారు దేవుని ఎదుట జవాబు చెప్పవలెను. దొంగ త్రాసును గూర్చి సామెతల గ్రంథము అంగడివారికి మాత్రమే చెప్పినదని తలంపకుడి.

మన సంఘములకు తండ్రివంటి మార్టిన్ లూథరు ఈ విషయమును విడిచిపెట్టలేదు. 1522లో వివాహ జీవితమును గూర్చి వ్రాసిన పుస్తకములో, బిడ్డను ఊపుట, గుడ్డలు ఉతుకుట, రాత్రి మేలుకొనుట నీచమైన పనులని మానవ బుద్ధి విసుగుకొనునని చెప్పి, విశ్వాసపు కన్నులకు అవి బంగారు ఆభరణములవంటివని బోధించెను. బిడ్డ మురికి గుడ్డలు ఉతుకు తండ్రిని చూచి లోకులు ఆడంగి అని నవ్వినను, అతడు విశ్వాసముతో చేసిన యెడల దేవుడును దూతలును అతనినిబట్టి సంతోషింతురని ఆయన భావము. అది వ్రాసిన దినమున లూథరుకు పెండ్లి కాలేదు. 1525లో పెండ్లి చేసికొనెను. మరుసటి ఏట జూనులో మొదటి కుమారుడు పుట్టెను. రాత్రి మేలుకొనుటను గూర్చి వ్రాసిన మాటలను అభ్యాసము చేయుటకు అప్పుడు ఆయనకు సమయము చిక్కియుండును! మన పురుషుల కూడికలలో లూథరు గొప్పతనమును గూర్చి ఎన్నియో ప్రసంగములు జరుగుచున్నవి. ఈ పుటను చదివినవారు ఎందరో మేము అడుగము.

పౌలు సయితము థెస్సలొనీక సంఘమునకు వ్రాసినప్పుడు (1 థెస్స. 2:7-9) తన్ను తాను పాలిచ్చి పెంచు తల్లితో పోల్చుకొని, వెంటనే రాత్రింబగళ్లు తాను పడిన కష్టమును జ్ఞాపకము చేసెను. పురుషుడైన అపొస్తలునికి ఆ పోలిక సిగ్గుగా తోచలేదు.

తండ్రి పాలియ్యలేడు, నిజమే. పాలు త్రాగిన తరువాత బిడ్డను భుజముమీద వేసికొనుట, తడిగుడ్డ మార్చుట, ఉయ్యాల ఊపుట చేయగలడు. రాత్రి పది గంటల నుండి ఒంటిగంటవరకు అతడు చూచిన యెడల, తల్లి పాలియ్యవలసిన కొద్దిసేపు తప్ప మిగిలిన సమయము కన్ను మూయగలదు. తరువాత అతడు తెల్లవారుజాము వరకు పండుకొనవచ్చును. మూడు గంటలు అని మీకు అల్పముగా తోచునేమో. బాలింతకు ఆ మూడు గంటలు మన్నావంటివి.

ఇది సుఖమును గూర్చిన మాట మాత్రమే కాదు. అనేక రాత్రులు నిద్ర లేని తల్లులలో కొందరికి మనస్సు చెదరును. బిడ్డ పండుకొన్నను తాను పండుకొనలేదు. కారణము లేక ఏడ్చును. బిడ్డమీద ప్రేమ పుట్టుట లేదని భయపడును. తనకో బిడ్డకో హాని చేసికొను తలంపులు వచ్చును. లేని శబ్దములు వినుచున్నానని చెప్పును. మన గ్రామములలో దీనిని దయ్యమనియు గాలియనియు చెప్పి, ఉపవాస ప్రార్థనకు కూర్చుండబెట్టి, ఆమెకు మిగిలిన కొంచెము నిద్రను కూడ తీసివేయుచున్నారు. ఇది జబ్బు, దీనికి చికిత్స యున్నది. హాని తలంపులు వచ్చిన తల్లిని ఒంటరిగా విడువక ఆ దినమే వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ప్రార్థన చేయుడి, వాహనములో కూర్చుండి చేయుడి. ఏలీయా బదరీవృక్షము క్రింద చావును కోరుకొన్నప్పుడు (1 రాజులు 19) దేవుడు మొదట అతనికి ప్రసంగము చేయలేదు. అతనిని నిద్రపోనిచ్చెను, దూతచేత రొట్టెయు నీళ్లును పెట్టించి మరల నిద్రపోనిచ్చెను, రెండవమారు తినిపించెను. హోరేబులో మాట పలికినది ఆ తరువాతనే. దేవుడు ప్రవక్తకు అనుగ్రహించిన ఆ క్రమమును బాలింతకు మనమేల తిరుగవేయుదుము?

మన పరామర్శలలో 121వ కీర్తన చదువుట వాడుక. ఇశ్రాయేలును కాయువాడు నిద్రింపనివాడని బాలింతతో చెప్పి, ప్రార్థన చేసి, టీ త్రాగి, ఇంటికి పోయి పండుకొందుము. దేవుడు మేల్కొనియున్నాడను మాట సత్యమే. కాని యాకోబు తన పత్రికలో (2:15-16) బట్టలు లేని సహోదరునితో సమాధానముగా వెళ్లి చలి కాచుకొనుమని మాటలు మాత్రము చెప్పువారిని గూర్చి ఏమనెనో మరువకూడదు. నిద్ర లేనివారితో నిద్రను గూర్చిన వాక్యము చెప్పి పోవుటయు అటువంటిదే గదా?

మన సంఘములు మేల్కొనుట ఎరుగని సంఘములు కావు. డిసెంబరు 31 రాత్రి పసిపిల్లలతోకూడ దేవాలయమున కూర్చుండి క్రొత్త సంవత్సరమును ఎదుర్కొందుము. మైకు సెట్టు పెట్టి రాత్రియంతయు ప్రార్థనకూటములు జరుపుదుము. (ప్రక్కయింట పదునైదు దినముల బిడ్డ యున్నప్పుడు ఆ మైకు ఎటువైపు తిరిగియున్నదో పెద్దలు ఒకసారి చూచిన మేలు.) గెత్సేమనే తోటలో ప్రభువు శిష్యులను అడిగినది ఒక్క గడియ మెలకువ. ఆ తోటకు మనము పోలేము. మన వీధిలో బాలింత యున్న యింటికి నడిచిపోవుటకు అయిదు నిమిషములు చాలును.

మొదటి కాన్పు పుట్టింట జరుగుట, అమ్మమ్మ ప్రక్కను పండుకొనుట మన పెద్దలు ఏర్పరచిన మంచి ఆచారము. దానిలో మూడవ మనిషి ఉన్నది. కాని పుట్టిల్లు లేనివారున్నారు. తల్లి చనిపోయినవారు, పెద్దల యిష్టము లేక పెండ్లి చేసికొని వెలియైనవారు, రెండవ మూడవ కాన్పునకు అత్తవారింటనే యుండిపోయినవారు. పాలమూరు నుండి పనులకు వలసపోయిన మగవారి భార్యలు, గల్ఫ్ దేశములలో నున్నవారి భార్యలు మన సంఘములలో తక్కువమంది కారు. సొలొమోను ఎదుట నిలిచిన ఆ యిద్దరును వేశ్యలని వాక్యము దాచక చెప్పుచున్నది. వారి పురుటికి ఎవరు వచ్చియుందురు? పెండ్లికాని తల్లి యింటికి మన స్త్రీల సమాజము పోవునా, లేక అక్కడ మాత్రము సొలొమోనువలె తీర్పు తీర్చుటకే సిద్ధపడునా?

ఒక సంఘములో బాలింత యింటికి మొదటి ఆరు వారములు వారమునకు రెండు రాత్రులు ఇద్దరు పెద్ద స్త్రీలు పోయి పండుకొనుట కష్టము కాదు. పిల్లలు పెద్దవారై చేయి తీరిక చిక్కిన తల్లులు ప్రతి సంఘమందు ఉన్నారు. తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను పేతురునకు చూపిరి. ఇక్కడ చూపుటకు అంగీయైనను మిగులదు. తమ చాప తామే తీసికొని పోవలెను. ఆ యింట వంట చేయింపరాదు, టీ అడుగరాదు. మన కాలములో మేము ఎట్లు పెంచితిమో అను కథలు తెల్లవారినంతవరకు చెప్పరాదు. తల్లి పాలిచ్చి బిడ్డను అందించగా అందుకొని, వీపు నిమిరి, జోకొట్టి, ఆమె గురకపెట్టినను లేపకుండ, బిడ్డ మరల చేతులు చప్పరించి పాలు వెదకువరకు కూర్చుండవలెను. ఆ యింటి పురుషుడు ఇంటనున్న యెడల మిగిలిన అయిదు రాత్రులు అతనివి. అతడు వలసలో నున్న యెడల ఆ అయిదింటిని ఎవరెవరు పంచుకొందురో, వచ్చు ఆదివారము ఆరాధన ముగిసి యిండ్లకు పోకముందు గుడి వాకిటనే మాటలాడుకొనవచ్చును.